తుపాను సహాయ సామగ్రి గోదాములు ఎక్కడ పెట్టాలి: కోస్తా జిల్లాల సంగతి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ స్వచ్ఛంద సంస్థ దగ్గర మూడు గోదాములకు సరిపడే డబ్బు ఉంది. శ్రీకాకుళం నుంచి బాపట్ల వరకు ఉన్న తీరంలో తుపాను వస్తే మొదటి మూడు రోజులకు కావలసిన సామగ్రిని ముందే నిల్వ చేయాలనుకుంటున్నారు. తీరానికి దగ్గరగా పెడితే త్వరగా అందుతుందా, దూరంగా పెడితే భద్రంగా ఉంటుందా అన్నది మీలో మీకు తేలడం లేదు. ఇరవై ఏళ్ళకు పైగా సహాయ సామగ్రి సేకరణలోనూ రవాణాలోనూ పనిచేసినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం మొదటే చెప్తాను. తీరానికి ఎన్ని కిలోమీటర్లన్న లెక్కను కొంతసేపు పక్కన పెట్టండి. తుపాను దాటిన మర్నాడు ఏ వంతెన, ఏ కాజ్‌వే, ఏ రోడ్డు పనిచేయవో ముందుగా తేల్చండి. అవి తెగినప్పుడు మీ ప్రాంతం ఎన్ని ముక్కలవుతుందో చూసి, బరువైన సరుకును రెండు వైపుల నుంచి దారి ఉన్న చోట్ల మూడు గోదాముల్లోనూ, ప్రాణం నిలిపే కొద్దిపాటి సరుకును ఆ ముక్కల్లో ప్రతిదానిలోనూ ఉంచండి.

ఇలా ఎందుకు చెప్తున్నానో మనం చూసిన విపత్తులే చెప్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఉత్తరాంధ్రకంతటికీ సరుకు పంపవలసిన నగరమే ఆ రోజు బాధిత ప్రాంతమైంది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతిన్నది, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, రోడ్ల మీద చెట్లు పడ్డాయి. అప్పటిదాకా సహాయ కేంద్రంగా లెక్కవేసుకున్న ఊరికే బయటినుంచి పాలూ నీళ్ళూ తెప్పించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలోనూ అదే జరిగింది. బుడమేరు నీరు సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది, ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, హైదరాబాదు వైపు జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి, మహబూబాబాద్ జిల్లాలో రైలు కట్ట కొట్టుకుపోయింది. నగరం నిండా సరుకున్న దుకాణాలు ఉన్నాయి. అయినా రెండు మూడు కిలోమీటర్ల దూరంలో మేడల మీద ఉన్నవారికి ఆహారం అందించడానికి పడవలూ హెలికాప్టర్లూ డ్రోన్లూ కావలసి వచ్చాయి. కొలబద్ద పెట్టి చూస్తే ఆ దూరం ఏమీ కాదు. మధ్యలో నీరు నిలవడంతో అది దాటరానిదైంది.

అందువల్ల మొదటి పని మామూలు పటం తీసుకుని దాని మీద విపత్తు తరవాతి పటాన్ని గీయడం. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. మండలాల పటం ఒకటి చాలు. ప్రతి మండలంలోనూ లారీ డ్రైవర్లను, పంటు (మనుషులనూ వాహనాలనూ నది దాటించే బల్లకట్టు) నడిపేవారిని, వీఆర్వోలను, రోడ్లు భవనాల శాఖ సిబ్బందిని కూర్చోబెట్టి, ఏ వానకు ఏ చప్టా మీద నుంచి నీరు పారుతుంది, ఏ రోడ్డు మీద చెట్లు ఎక్కువ, లారీ పోగల దారి ఏది, ట్రాక్టరు మాత్రమే పోగల దారి ఏది అని అడగండి. కార్యాలయంలో కూర్చుని గీసిన పటం కన్నా రెండు రోజుల ఇటువంటి సంభాషణలో మీకు ఎక్కువ తెలుస్తుంది. ఇది నేను మర్యాద కోసం అంటున్న మాట కాదు. మేము ఒకసారి ఎంచుకున్న దారిలో ఒక రైలు వంతెన కింద నుంచి వెళ్ళవలసి ఉందని, వాన పడితే అక్కడ నడుము లోతు నీరు నిలుస్తుందని మాకు చెప్పినది ఆ ఊరి పాలవ్యాను డ్రైవరు.

ఈ పద్ధతిలో మీ తీరాన్ని ఉత్తరం నుంచి చూద్దాం. శ్రీకాకుళం జిల్లాకు సరుకు ఎక్కడ పెట్టాలని అడిగితే చాలామంది శ్రీకాకుళం పట్టణం పేరే చెప్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు ఊళ్ళకు వెళ్ళే రోడ్లన్నీ చెట్లతోనూ కరెంటు స్తంభాలతోనూ మూసుకుపోయాయి. దాని వెంటనే ఒడిశా కొండల్లో కురిసిన వానకు వంశధార పొంగింది. శ్రీకాకుళం పట్టణం నుంచి ఉద్దానానికి వెళ్ళాలంటే నరసన్నపేటకు ముందు మడపాం దగ్గర వంశధారను దాటాలి. అంటే గాలి వల్ల సరుకు కావలసిన రోజునే వాన వల్ల నది పొంగే ప్రమాదం ఉంది, ఆ నది మన గోదాముకీ ఊళ్ళకీ మధ్యన ఉంది. కాబట్టి నేనైతే ఉత్తరపు గోదామును టెక్కలి పరిసరాల్లో పెడతాను. అది వంశధారకు ఉత్తరాన ఉంది, జాతీయ రహదారి మీద ఉంది, సముద్రపు ఉప్పెన చేరేంత దగ్గరలో లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, దక్షిణం నుంచి దారి మూసుకుపోయినా పర్లాకిమిడి వైపు నుంచి, బరంపురం వైపు నుంచి సరుకు రప్పించుకోవచ్చు. రాష్ట్ర సరిహద్దు మన పటంలో గీత మాత్రమే. లారీకి అది అడ్డం కాదు. గంజాం జిల్లా టోకు వ్యాపారులతో ముందే మాట్లాడి ఉంచుకోవడం చాలామందికి తట్టని జాగ్రత్త.

కోనసీమ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీ ప్రశ్నలోని చిక్కంతా అక్కడే ఉంది. పటంలో చూస్తే అది ఒకే పచ్చని ముక్క. నిజానికి గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ దాన్ని రెండుగా చీలుస్తుంది. అమలాపురం వైపు ఒక ముక్క, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఇంకొక ముక్క. మొదటిదానికి జొన్నాడ వైపు నుంచీ యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీదుగానూ దారులున్నాయి. రెండవదానికి వైనతేయ మీద పి.గన్నవరం అక్విడక్టు, బోడసకుర్రు వంతెన, పశ్చిమాన వశిష్ఠ పాయ మీద చించినాడ వంతెన ప్రధానమైన దారులు. 1996 నవంబరు 6 నాటి తుపానులో ఇక్కడ లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. ఆనాటి అనుభవం చెప్పేదేమంటే, తుపానుకు ఈ వంతెనలు కూలకపోయినా వాటికి వెళ్ళే రోడ్లు మూసుకుపోతాయి. కనుక కోనసీమకు మధ్య గోదాము రావులపాలెంలో పెట్టడం నాకు సబబుగా కనిపిస్తుంది. అది కోనసీమ లోపలే ఉంది గనుక సరుకు పంచడానికి నది దాటనక్కరలేదు. డెల్టా తలభాగాన ఉంది గనుక సముద్రానికి దూరం. జాతీయ రహదారి మీద జొన్నాడ వైపు గౌతమి వంతెన, సిద్ధాంతం వైపు వశిష్ఠ వంతెన ఉండడం వల్ల రాజమహేంద్రవరం నుంచీ తణుకు నుంచీ కూడా సరుకు చేరుతుంది. దీనికి ఒక షరతు ఉంది. గోదాము ఏటిగట్టుకు నది వైపు కాక ఊరి వైపు ఉండాలి, నేల మట్టాన్ని 1986 వరద గుర్తులతో పోల్చి చూసుకోవాలి. రాజోలు ముక్కకు మాత్రం రావులపాలెం సరిపోదు. అక్కడ ఒక చిన్న నిల్వ విడిగా ఉండవలసిందే.

గోదావరి విషయంలో ఇంకొక మాట చెప్పాలి. వరద కాలం వేరు, తుపాను కాలం వేరు. జూలై నుంచి సెప్టెంబరు వరకు భయమంతా ఎగువ నుంచి వచ్చే నీటి గురించే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గర. అప్పుడు మునిగేవి లంక గ్రామాలు, ఎగువన కూనవరం, వేలేరుపాడు వంటి మండలాలు. అక్టోబరు, నవంబరు నెలల్లో భయం సముద్రం వైపు నుంచి. యలమంచిలి మండలంలోని కనకాయలంక వంటి ఊరికి వరదలో కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి లేదు. అదే ఊరికి తుపానులో అడ్డంకి వేరుగా ఉంటుంది. కనుక చిన్న నిల్వలను ఏడాది పొడవునా ఒకే చోట ఉంచాలన్న నియమం పెట్టుకోకండి. జూన్ చివరికి పడవలు, లైఫ్ జాకెట్లు లంకల వైపు చేరాలి. సెప్టెంబరు చివరికి బరకాలు (టార్పాలిన్లు), చెట్లు కోసే రంపపు యంత్రాలు తీరం వైపు కదలాలి. ఈ మార్పిడికి రెండు లారీల కిరాయి ఖర్చవుతుంది. ఇంకొక గోదాము కట్టే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఇక కృష్ణా డెల్టా. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మరణాలు అధికారిక లెక్కలోనే పది వేల స్థాయిలో ఉన్నాయి. సామగ్రి దృష్టితో చూస్తే దివిసీమ ఒక ద్వీపం. ఇప్పుడు పులిగడ్డ దగ్గర విజయవాడ వైపు నుంచి దారి ఉంది, పెనుమూడి వారధి వచ్చాక రేపల్లె వైపు నుంచి కూడా రావచ్చు. కాని ఆ రెండు ప్రధాన దారులూ పులిగడ్డ దగ్గరే కలుస్తాయి. ఇటువంటి చోటును పటం మీద ఎర్రగా గుర్తు పెట్టుకోవాలి. రెండు గోదాములున్నాయి కనుక ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని మనం ధైర్యపడతాం. ఒక్కో గోదాము దారి తెగే అవకాశం ఐదింట ఒకటి అనుకుందాం. ఆ రెండు దారులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, రెండూ ఒకేసారి తెగే అవకాశం ఇరవై ఐదింట ఒకటి. కాని రెండు లారీలూ ఒకే వంతెన ఎక్కవలసినవైతే ఆ అవకాశం మళ్ళీ ఐదింట ఒకటే. రెండో గోదాముకు పెట్టిన డబ్బు ఆ ఊరి దృష్టిలో వృథా. ప్రణాళికల్లో నేను చూసిన తప్పులన్నిటిలోకీ తరచుగా జరిగేది ఇదే.

కనుక దివిసీమకు పెద్ద గోదాము విజయవాడ దగ్గరి గన్నవరం పరిసరాల్లో, మెరక నేల మీద ఉంటే మంచిది. జాతీయ రహదారి, రైలు మార్గం, విమానాశ్రయం అక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయి. జాతీయ విపత్తు స్పందన దళం పదవ బెటాలియన్ స్థావరం కొండపావులూరు కూడా అక్కడికి చేరువే. అయితే బుడమేరు ఆ దిగువ పొలాల మీదుగానే కొల్లేరుకు పోతుంది కాబట్టి స్థలం కొనే ముందు, అద్దెకు తీసుకునే ముందు, 2024లో ఆ వీధిలో నీరు ఎంతవరకు వచ్చిందో ఎదురింటివారిని అడగండి. అవనిగడ్డలో ఒక మధ్య స్థాయి నిల్వ, నాగాయలంక వైపు ఒక చిన్న నిల్వ, పంటు తప్ప దారి లేని ఎదురుమొండి దీవుల్లో తుపాను షెల్టరులోనే ఒక చిన్న నిల్వ ఉండాలి. గాలి బలపడితే పంటు ఆగిపోతుంది. పంటు ఆగినప్పటి నుంచి మళ్ళీ కదిలేవరకు ఆ దీవికి మనం ఏమీ చేయలేము; అక్కడ ముందే ఉన్నదే వారికి మిగిలేది.

ఏ గోదాములో ఏమి ఉంచాలన్నది, గోదాము ఎక్కడ అన్న ప్రశ్న నుంచి విడదీయరానిది. వస్తువు అవసరం ఏ గంటలో వస్తుందో చూడాలి. మొదటి పన్నెండు గంటల్లో కావలసినవి తాగునీరు, ప్రథమ చికిత్స, ఓఆర్‌ఎస్, టార్చిలైట్లు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, పసిపిల్లలకు పాలపొడి, ఆడవారికి కావలసిన శుభ్రతా వస్తువులు. ఇవి ముక్కలోపలే ఉండాలి. దివిసీమలో వరి కోతల కాలంలో పాముకాట్లు ఎక్కువ కనుక పాముకాటు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నదో లేదో తుపాను కాలానికి ముందే చూసుకోవాలి. పొడి రూపంలో వచ్చే రకం కరెంటు పోయినా నిలుస్తుంది, దాన్ని వాడవలసినది మాత్రం వైద్యులే. ఒక రోజు తరవాత కావలసినవి బరకాలు, దుప్పట్లు, వంటపాత్రలు. ఇవి పెద్ద గోదాము నుంచి రావచ్చు. బియ్యం సంగతి వేరు. పౌరసరఫరాల శాఖకు మండల స్థాయి నిల్వ కేంద్రాలు, అవే మనం ఎంఎల్‌ఎస్ పాయింట్లు అంటున్నవి, ప్రతిచోటా ఉన్నాయి. చౌకధరల దుకాణాలూ ఉన్నాయి. తుపాను బాధిత కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇచ్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. మీ డబ్బుతో మళ్ళీ బియ్యమే కొని పురుగు పట్టించుకోవడంలో అర్థం లేదు. బజారులో దొరకనివి, దొరికినా ఆ రోజున ధర మండిపోయేవి మీరు కొనాలి.

నీటి విషయంలో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇక్కడే నిల్వలు దారి తప్పుతాయి. సహాయ కార్యక్రమాలకు అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు అన్ని అవసరాలకూ కలిపి 15 లీటర్లు కావాలి. ఇరవై వేల మందికి అది రోజుకు మూడు లక్షల లీటర్లు, అంటే పది వేల లీటర్ల ట్యాంకరు ముప్పై సార్లు తిరగాలి. ఇంత నీటిని ఏ గోదాములోనూ పెట్టలేము. కాని ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది, బోరు ఉంది, లేనిది కరెంటు. 60 వేల లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే నాలుగు వేల మందికి ఒక రోజు గడుస్తుంది. ఒక జనరేటరును ట్రాక్టరు ట్రక్కులో పెట్టి నాలుగైదు ఊళ్ళు తిప్పితే ట్యాంకర్ల పని చాలావరకు తప్పుతుంది. కాబట్టి నీటిని కాక నీటిని ఎక్కించే సాధనాన్ని నిల్వ చేయండి. ఉద్దానం వంటి చోట ఇది చక్కగా పనిచేస్తుంది. దివిసీమలోనూ కోనసీమ తీరపు ఊళ్ళలోనూ పూర్తిగా పనిచేయదు. అక్కడ భూగర్భ జలం ఉప్పన, ఉప్పెన వస్తే మంచినీటి చెరువు కూడా ఉప్పనవుతుంది. అటువంటి ఊళ్ళలో ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకులు, ఇరవై లీటర్ల టిన్నులు నిల్వ చేసి, హెచ్చరిక వచ్చిన రోజున నింపుకోవడం ఉత్తమం. నాలుగు వేల మంది ఉన్న దీవికి తాగడానికి మాత్రమే మనిషికి మూడు లీటర్ల చొప్పున రెండు రోజులకు 24 వేల లీటర్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకులు ఐదు ఉంటే చాలు. ఖాళీ ట్యాంకుకు గడువు తేదీ ఉండదు, ప్రతి ఏటా మార్చే పని ఉండదు.

హెచ్చరిక అన్న మాట వచ్చింది కనుక దాన్ని లెక్కలోకి తీసుకుందాం. తుపానుకు భారత వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. ఈ సమయం కూడా ఒక గోదాము వంటిదే. 48 గంటల సమాచారం అందాక నిర్ణయానికి ఆరు గంటలు, హమాలీలు లారీలకు ఎత్తడానికి ఎనిమిది గంటలు, ప్రయాణానికి పది గంటలు వేసుకోండి. తీరం దాటడానికి ఇరవై నాలుగు గంటల ముందు సరుకు చేరాలి. చివరి పన్నెండు గంటల్లో గాలివానలో లారీ నడపమని ఏ డ్రైవరునూ అడగకూడదు. అందువల్ల తుపాను కోసం ప్రతి చోటా పూర్తి నిల్వ అవసరం లేదు. మూడు ప్రాంతాల్లో ఒక్కోదానికి ఐదు వేల బరకాలు కావాలనుకుంటే మొత్తం పదిహేను వేలు కొననక్కరలేదు. ఒక తుపాను సాధారణంగా వాటిలో ఒక ప్రాంతాన్నే గట్టిగా కొడుతుంది. ప్రాంతానికి వెయ్యి చొప్పున ఉంచి, మధ్యలో ఉన్న రావులపాలెంలో అదనంగా ఆరు వేలు ఉంచితే తొమ్మిది వేలతో సరిపోతుంది, పైగా ఎక్కడ దెబ్బ తగిలినా ఏడు వేలు అందుతాయి. బుడమేరు వంటి మెరుపు వరదకు ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ రాత్రి పడుకుని లేచేసరికి నీరు వస్తుంది. అటువంటి ప్రమాదం ఉన్న చోట సరుకు ముందే, దగ్గరలోనే, మేడ మీద ఉండాలి.

తొమ్మిది వేలు సరిపోతాయన్న మాటకు ఒక హెచ్చరిక జోడించాలి. 2013లో అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, నవంబరు 22న హెలెన్ మచిలీపట్నం దగ్గర దాటింది, దాని వెనకే ఆరు రోజుల్లో లెహర్ కూడా అటే వచ్చింది. అదృష్టవశాత్తు అది తీరం చేరేసరికి బలహీనపడింది. పోర్టోరికోలో 2017 సెప్టెంబరులో అదృష్టం అలా కలిసిరాలేదు. ఇర్మా తుపానుకు పొరుగు దీవులకు సరుకు పంపడంతో అక్కడి అమెరికా ప్రభుత్వ గోదాములో 80 శాతానికి పైగా నిల్వ ఖాళీ అయింది. రెండు వారాల్లోనే మరియా తుపాను నేరుగా ఆ దీవినే కొట్టింది. కాబట్టి మీ నియమావళిలో ఒక వాక్యం తప్పక ఉండాలి: అక్టోబరు 1 నుంచి డిసెంబరు 15 వరకు మధ్య గోదాములో మూడవ వంతు సరుకును మొదటి తుపానుకు వాడకూడదు, వాడక తప్పకపోతే అదే రోజున తిరిగి కొనుగోలుకు ఉత్తర్వు ఇవ్వాలి. దీనికోసం టార్పాలిన్ తయారీదారులతోనూ జనరేటర్లు అద్దెకిచ్చేవారితోనూ వేసవిలోనే ధర ఖరారు చేసుకుని ఒప్పందం రాసుకోండి.

గణిత పద్ధతులు వాడాలా అని కూడా అడిగారు. వాడండి, కాని అవి ఏ ప్రశ్నకు జవాబిస్తున్నాయో తెలుసుకుని వాడండి. ఒక పద్ధతి మొత్తం జనాభా ప్రయాణ దూరాల మొత్తాన్ని తగ్గిస్తుంది. దానిలో జనం ఎక్కువగా ఉన్న పట్టణాలు గోదామును తమవైపు లాక్కుంటాయి, ఎదురుమొండి వంటి చోటు లెక్కలోనే కనబడదు. ఇంకొక పద్ధతి అన్నిటికన్నా దూరాన ఉన్న ఊరి దూరాన్ని తగ్గిస్తుంది. దానిలో ఒక్క మారుమూల ఊరు అందరి నిర్ణయాన్నీ శాసిస్తుంది. మూడవది, ఇన్ని గంటల లోపల గరిష్ఠంగా ఎంతమందిని చేరగలమని అడుగుతుంది. మీ పనికి మూడవదే దగ్గర. 1960లలో హకీమి అనే పరిశోధకుడు నిరూపించిన ఒక ఫలితం మీకు పని తగ్గిస్తుంది: ప్రయాణ దూరాల మొత్తాన్ని తగ్గించే లెక్కలో ఉత్తమ స్థానాన్ని రోడ్డు మధ్యలో వెతకనక్కరలేదు, కూడళ్ళలోనూ ఊళ్ళలోనూ వెతికితే చాలు. అయితే దేనిలోనైనా రోడ్లన్నీ బాగున్నాయని అనుకుని ఒక్కసారి లెక్క వేసి ఆగిపోకండి. హుద్‌హుద్, తిత్లీ, 1996, 1977, 2024 అని ఐదు పాత రోజులను తీసుకుని, ఆ రోజున తెగిన దారులను తీసేసి, ఐదుసార్లు లెక్క వేయండి. ఐదింటిలోనూ ఓర్వదగ్గ ఫలితమిచ్చే స్థలం, ఒక్కదానిలో అద్భుతంగా ఉండి ఇంకొకదానిలో చేతులెత్తేసే స్థలం కన్నా మేలు. జనాభా తూకానికి తోడు, పంటు మీద ఆధారపడే ఊరికి నేను ఎప్పుడూ రెట్టింపు తూకం వేస్తాను. ఇది గణితం చెప్పిన అంకె కాదు, నా న్యాయబుద్ధి చెప్పినది. మీరు వేరే అంకె వేసుకోవచ్చు, కాని వేసుకున్నట్టు కాగితం మీద రాసి ఉంచండి.

స్థలం కుదిరాక భవనం గురించి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక సంస్థ తీరపు మండల కేంద్రంలో మంచి గోదాము పెట్టింది. తుపాను రాత్రి తాళంచెవి ఉన్న గుమాస్తా ఇంటి చుట్టూ నీరు చేరింది. మర్నాడు మధ్యాహ్నం తాళం పగలగొట్టి చూస్తే, నేల మీదే పేర్చిన దుప్పట్లలో కింది వరుసలు తడిసి ముద్దయ్యాయి. జనరేటర్లు మూడు ఉన్నాయి, డీజిల్ లేదు. బంకుకు పోతే అక్కడా కరెంటు లేక పంపు పనిచేయలేదు. సరుకు ఆ ఊళ్ళోనే ఉండి కూడా ఆ ఊరివారికి ఒక రోజు ఆలస్యంగా అందింది. ఆ మధ్యాహ్నం గేటు బయట నిలబడిన తల్లుల ముఖాలు నేను మరిచిపోలేదు. అప్పటినుంచి ప్రతి గోదాముకూ మూడు తాళంచెవులు మూడు వేర్వేరు దిక్కుల్లో నివసించే ముగ్గురి దగ్గర ఉండాలని, తలుపు తీయడానికి ఫోనులో అనుమతి కోసం ఎవరూ ఎదురుచూడనక్కరలేదని రాతపూర్వకంగా పెడుతున్నాను. సరుకు చెక్క బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా ఉండాలి. బ్లీచింగ్ పౌడరును జనరేటర్ల పక్కన పెట్టకూడదు, దాని ఘాటుకు ఇనుము తుప్పు పడుతుంది. వేడికీ తేమకూ దాని బలం కూడా తగ్గుతుంది కనుక కొద్దిగా కొని, నీటిని శుద్ధి చేసే క్లోరిన్ బిళ్ళలను ఎక్కువగా ఉంచండి. డీజిల్ నిల్వకు నిబంధనలున్నాయి కాబట్టి, జనరేటరు ఉన్న బంకు ఒకదానితో ముందే ఒప్పందం చేసుకోండి. పెద్ద లారీ లోపలికి వచ్చి తిరగగలిగే ఆవరణ ఉండాలి, నడిచి వచ్చేంత దూరంలో హమాలీలు ఉండాలి. మార్కెట్ యార్డుల పక్కన ఈ రెండూ సహజంగానే దొరుకుతాయి.

కట్టడమా, అద్దెకా అన్నది మీ చివరి ప్రశ్న. టెక్కలి వైపూ గన్నవరం వైపూ మూడేళ్ళ ఒప్పందంతో అద్దెకు తీసుకోండి. కొత్త బైపాసులూ వంతెనలూ వస్తున్న కొద్దీ మంచి స్థలం మారుతుంది. రావులపాలెం మధ్య గోదాము ఒక్కదానిని సొంతంగా, నేలను ఎత్తు చేసి కట్టండి. చిన్న నిల్వలకు భవనం కోసం వెతకకండి. జాతీయ తుపాను ప్రమాద నివారణ పథకం కింద కట్టిన బహుళ ప్రయోజన షెల్టర్లలో ఒక పై గదిని కలెక్టరు అనుమతితో తీసుకుని, తాళంచెవి ఒకటి గ్రామ సచివాలయంలోనూ, ఒకటి ఆ ఊరి మహిళా సంఘం నాయకురాలి దగ్గరా ఉంచండి. లోపల ఏమున్నదో తెలిపే జాబితాను తలుపు బయట పెద్ద అక్షరాలతో రాయించండి. ఏటా సెప్టెంబరులో ఒక రోజు ఆ తలుపు తీయించి, జనరేటరు నడిపి, నీళ్ళ ట్యాంకు ఒకటి నింపి, ఆ ఊరివారి చేతనే సరుకు లెక్క పెట్టించండి.